కొనుగోలుదారు కోడ్ ఒకవైపు, చట్టం ఒకవైపు: గుంటూరు మిల్లు కార్మికుల తరఫున ఫిర్యాదు నడిపే పద్ధతి

గుంటూరు చుట్టుపక్కల స్పిన్నింగ్ మిల్లుల్లోనూ, ఎడ్లపాడు వైపు మసాలా యూనిట్లలోనూ, కోల్డ్ స్టోరేజీల పక్కన మిర్చి ముచ్చికలు తీసే షెడ్లలోనూ గేటు దగ్గర ఒక బోర్డు కనిపిస్తుంటుంది. బాలకార్మికులు లేరు, బలవంతపు పని లేదు, కనీస వేతనం ఇస్తాం, ఫిర్యాదుంటే ఈ నంబరుకు చెప్పండి అని దాని సారాంశం. విదేశాలకు సరుకు వెళ్లే చోట ఇలాంటి బోర్డు సాధారణంగా కొనుగోలు కంపెనీ కోడ్‌లోంచి, అంటే సరఫరాదారులు పాటించాలని ఆ కంపెనీ రాసుకున్న నియమావళిలోంచి వస్తుంది. దాన్ని ఎలా వాడుకోవాలో మాత్రం లోపల పనిచేసే వాళ్లకు చెప్పేవాళ్లు ఉండరు. కార్మికుల పక్కన నిలబడే యూనియన్ వాళ్లకు, న్యాయ సహాయ వాలంటీర్లకు, ఆ ఇళ్లలో చదువుకున్న పిల్లలకు ఈ పద్ధతి ఉపయోగపడుతుంది.

ముందుగా ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఆ బోర్డు మీద రెండు రకాల వాక్యాలు కలిసిపోయి ఉంటాయి. కొన్ని చట్టం. కంపెనీ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అవి అమలు కావాల్సిందే. మిగతావి కంపెనీ తనంతట తాను ఇచ్చిన మాట. మాటను నమ్ముకుని కూర్చుంటే చట్టం ఇచ్చిన గడువు దాటిపోతుంది. చట్టం ఒక్కదాన్నే పట్టుకుంటే కేసు మిల్లు దగ్గరే ఆగుతుంది, సరుకు కొని లాభపడే కంపెనీ దాకా వెళ్లదు. అందుకే రెండూ నడపాలి, వరస తప్పకుండా నడపాలి.

మొదటి పని: ఎవరి కోడ్, ఎవరి సరుకు

బోర్డును ఫోన్‌లో ఫొటో తీయండి. అట్టపెట్టెల మీద, గోతాల మీద, నూలు కోన్ల మీద ఉన్న కొనుగోలుదారు పేరు, లాట్ నంబరు, చేరాల్సిన పోర్టు పేరు రాసిపెట్టుకోండి. పెద్ద కంపెనీల్లో కొన్ని తమ వెబ్‌సైటులో సరఫరాదారుల జాబితా పెడతాయి. మిల్లు పేరు అందులో ఉంటే ఆ పేజీని తేదీ కనిపించేలా భద్రం చేయండి. సరఫరాదారుల కోడ్ పూర్తి పాఠం కూడా దింపుకోండి. అంశాల నంబర్లు తర్వాత కావాలి.

మేనేజరు "మాకు సర్టిఫికెట్ ఉంది" అంటే అది ఏదో అడగండి. పని పరిస్థితులపై అంతర్జాతీయ ప్రమాణమైన ఎస్‌ఏ 8000 అయితే సర్టిఫికెట్. స్మెటా అనే తనిఖీ పద్ధతి అయితే సర్టిఫికెట్ కాదు, ఒక రోజు లేదా కొన్ని రోజులు తనిఖీ చేసి రాసిన నివేదిక మాత్రమే. ఏదైనా సరే, అది ఉందని లోపల అంతా బాగున్నట్టు కాదు. 2012 సెప్టెంబరులో కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ బట్టల ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా చనిపోయారు. ఆ ఫ్యాక్టరీకి ఎస్‌ఏ 8000 సర్టిఫికెట్ వచ్చి అప్పటికి కొన్ని వారాలే అయింది.

రెండో పని: వాక్యం వాక్యం విడదీయడం

కోడ్‌ను ప్రింటు తీసి రెండు రంగుల పెన్నులతో కూర్చోండి. చట్టం ఉన్న వాక్యానికి ఒక రంగు, కంపెనీ మాటకు ఇంకో రంగు. ఓపిక పట్టి చేయాల్సిన పని ఇదే. ఇక్కడ తొందరపడితే తర్వాత రాసే ప్రతి అర్జీ బలహీనపడుతుంది.

"కనీస వేతనం ఇస్తాం" అన్నది చట్టం. 2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది. పేరులో కోడ్ ఉన్నా ఇది కంపెనీ కోడ్ కాదు, చట్టం. పాత కనీస వేతనాల చట్టం, వేతన చెల్లింపు చట్టం అందులో కలిసిపోయాయి. "ఓవర్‌టైమ్ ఇస్తాం" అన్నదీ చట్టమే. మామూలు రేటుకు రెట్టింపు తగ్గకూడదు. "బలవంతపు పని ఉండదు" అన్న దాని వెనుక రాజ్యాంగం 23వ అధికరణం, 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఉన్నాయి. ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో 1982లో సుప్రీంకోర్టు చెప్పిన మాట ప్రతి కార్యకర్తకూ నోటికి రావాలి: కనీస వేతనం కన్నా తక్కువిచ్చి పని చేయించుకుంటే అది 23వ అధికరణం కింద బలవంతపు పనే. ఆ అధికరణం ప్రైవేటు యజమానులకూ వర్తిస్తుంది. అంటే కూలి ఎగ్గొట్టడం ఒట్టి లెక్కల తగాదా కాదు, ప్రాథమిక హక్కుకు తగిలిన దెబ్బ. అర్జీలో ఈ వాక్యం తప్పక ఉండాలి.

"బాలకార్మికులు ఉండరు" అన్నదీ చట్టం. 14 ఏళ్లలోపు పిల్లలు పనిలో ఉండకూడదు, 18 లోపు వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. "లైంగిక వేధింపులు సహించం" అన్న దానికి 2013 చట్టం ఉంది. 10 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి.

ఇక "జీవించడానికి సరిపడా వేతనం దిశగా కృషి చేస్తాం", "ఫిర్యాదుకు ఇన్ని గంటల్లో జవాబిస్తాం", "మా సరఫరాదారుల సరఫరాదారులూ ఈ విలువలు పాటించాలని కోరుకుంటాం" లాంటివి మాటలు. వీటి మీద లేబర్ ఆఫీసుకు వెళితే ఫలితం ఉండదు. వీటిని కొనుగోలుదారును నిలదీసేటప్పుడు వాడాలి.

ఊళ్లో బడికి బెంచీలిచ్చారు, మంచినీళ్ల ప్లాంటు పెట్టారు అంటే అది సీఎస్ఆర్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత ఖర్చు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం అలా ఖర్చు పెట్టాలి. దానికీ, సొంత షెడ్డులో పనిచేసే మనిషి హక్కులకూ సంబంధం లేదు. చర్చల్లో యాజమాన్యం బెంచీల మాటెత్తితే మర్యాదగా పక్కన పెట్టి, కూలి లెక్కకు రండి.

మూడో పని: లెక్క

ఒక్కో కార్మికుడికి ఒక్కో నోటుపుస్తకం పెట్టించండి. తేదీ, లోపలికి వెళ్లిన సమయం, బయటికి వచ్చిన సమయం, చేతికొచ్చిన డబ్బు, ఇచ్చిన వాళ్ల పేరు రోజూ రాయాలి. మేస్త్రీ పంపిన వాట్సాప్ సందేశాలు, ఫోన్‌పే రసీదులు, గేట్ పాస్, ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ పాస్‌బుక్, ఏవున్నా ఫొటోలు తీసి ఇంకో ఫోన్‌లో కూడా ఉంచండి. కిలోల లెక్కన ముచ్చికలు తీసే చోట కిలోలతో పాటు గంటలూ రాయించండి. రోజంతా కూర్చున్నా కనీస వేతనం దాకా రాని రేటు అయితే అదే మీ ఫిర్యాదు.

లెక్క ఎలా వేయాలో ఒక ఊహా ఉదాహరణ. ఆ పనికి ప్రకటించిన రోజు వేతనం 450 రూపాయలు, ఇస్తున్నది 380, షిఫ్టు 12 గంటలు, నెలకు 26 రోజులు అనుకుందాం. వేతనంలో తేడా రోజుకు 70, నెలకు 1,820. అదనపు గంటలు రోజుకు 4. గంట రేటు 450ని 8తో భాగిస్తే 56.25, రెట్టింపు చేస్తే 112.50, నాలుగు గంటలకు 450. అంటే రోజూ ఇంకో రోజు కూలి మొత్తంగా పోతోంది. నెలకు 11,700. రెండూ కలిపితే నెలకు 13,520. 14 నెలలకు 1,89,280. "తక్కువ ఇస్తున్నారు" అని అర్జీ రాస్తే అధికారి పక్కన పెట్టేయగలడు. ఈ అంకెతో వెళితే దాని మీద విచారణ జరపక తప్పదు. అసలు రేటుకు కార్మిక శాఖ ప్రకటన చూడండి. కరువు భత్యం ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ 1న, అక్టోబరు 1న మారుతుంది కాబట్టి 14 నెలల లెక్కలో మూడు నాలుగు వేర్వేరు రేట్లు రావచ్చు. అన్నిటికీ ఒకే రేటు వేస్తే మీ పట్టిక మొత్తం తప్పని కొట్టేస్తారు.

నాలుగో పని: చట్టం గడప ముందు తొక్కాలి

కొనుగోలుదారుకు ఉత్తరం రాయడానికి ముందే లేబర్ ఆఫీసులో అర్జీ పడాలి. కారణం గడువు. హాట్‌లైన్‌కు ఫోన్ చేసినంత మాత్రాన ఏ చట్టంలోనూ గడువు ఆగదు.

వేతనాల కోడ్ కింద బకాయి కోసం మూడేళ్లలోపు దరఖాస్తు చేయవచ్చు. కార్మికుడు గానీ, రిజిస్టరైన యూనియన్ గానీ వేయవచ్చు, అందరి తరఫున ఒకే దరఖాస్తు చాలు. బకాయితో పాటు దానికి పది రెట్ల దాకా పరిహారం ఇప్పించే అధికారం దరఖాస్తు విచారించే అధికారికి ఉంది. వేతనం ఇచ్చామని రుజువు చేసే భారం యజమానిదే. అయితే బకాయి 2025 నవంబరు 21కి ముందు కాలానిది అయితే అవతలి లాయరు పాత కనీస వేతనాల చట్టంలోని 6 నెలల గడువు లేవనెత్తుతాడు. ఆలస్యానికి కారణం చూపిస్తూ మన్నింపు కోరే పేరా ఒకటి ముందే చేర్చండి.

అర్జీలు ఎక్కువగా దెబ్బతినేది ప్రతివాదుల పేర్ల దగ్గర. మేస్త్రీ పేరు ఒక్కటే రాస్తారు. నోటీసు వెళ్లేసరికి మేస్త్రీ ఊళ్లో ఉండడు, పేరు మార్చి ఇంకో మిల్లుకు మనుషుల్ని పెడతాడు. కాంట్రాక్టరు ఇవ్వకపోతే అసలు యజమాని చెల్లించాలని చట్టంలోనే ఉంది. కాబట్టి మేస్త్రీ, కాంట్రాక్టు సంస్థ, మిల్లు యాజమాన్యం, ముగ్గురినీ చేర్చండి. మిల్లు రిజిస్టర్డ్ పేరు బోర్డు మీది పేరు కాకపోవచ్చు. జీఎస్టీ బిల్లు మీదా పీఎఫ్ పాస్‌బుక్‌లోనూ ఉన్న పేరుతో సరిచూడండి.

లైంగిక వేధింపుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. రాతపూర్వక ఫిర్యాదు 3 నెలల్లో అంతర్గత కమిటీకి చేరాలి. తగిన కారణం ఉంటే మరో 3 నెలలు పొడిగిస్తారు. కంపెనీ యాప్‌లో, టోల్‌ఫ్రీ నంబరులో చెప్పడం కమిటీకి ఇచ్చిన ఫిర్యాదు కిందికి రాదు. ఇది తెలియక ఆడపిల్లలు గడువు పోగొట్టుకుంటారు. కమిటీ లేకపోయినా, ఫిర్యాదు యజమాని మీదే అయినా జిల్లా స్థానిక కమిటీకి ఇవ్వాలి.

అడ్వాన్సు బాకీ తీరేదాకా కదలనివ్వకుండా ఒడిశా, బీహార్ కూలీలను షెడ్లలో ఉంచితే అది లేబర్ ఆఫీసుతో ఆగే విషయం కాదు. నేరుగా కలెక్టరుకు ఇవ్వండి. వెట్టిచాకిరీ చట్టం కింద విడుదల చేయించే బాధ్యత జిల్లా మెజిస్ట్రేటుది. పిల్లలు పనిలో కనిపిస్తే 1098కి చెప్పండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే అర్జీ నంబరు వస్తుంది, ఆ నంబరు తర్వాతి ప్రతి ఉత్తరంలో రాయండి. లాయరు ఖర్చు భయం ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు దొరుకుతాడు. హెల్ప్‌లైన్ 15100. ఎక్కడ ఏమిచ్చినా రెండో కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోకుండా బయటికి రాకండి.

ఐదో పని: కొనుగోలుదారుకు ఉత్తరం

ఇక్కడ స్వచ్ఛంద పద్ధతిని తక్కువగా చూడకండి. 2011 జూన్‌లో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల మండలి వ్యాపారం, మానవ హక్కులపై 31 మార్గదర్శక సూత్రాలను ఆమోదించింది. సమితి ప్రత్యేక ప్రతినిధి జాన్ రగ్గీ నాయకత్వంలో రాసినవి ఇవి. రక్షించడం ప్రభుత్వ విధి, గౌరవించడం కంపెనీ బాధ్యత, నష్టపోయిన వాళ్లకు పరిహారం అందాలి అన్నవి మూడు స్తంభాలు. కంపెనీని కోర్టుకు లాగే శక్తి వీటికి లేదు. కానీ పెద్ద కంపెనీల మానవ హక్కుల విధానాలు వీటి పేరు చెప్పుకునే ఉంటాయి, కాబట్టి ఆ కంపెనీతో మాట్లాడేటప్పుడు దాని భాషే మీకు బలం. 19వ సూత్రం ప్రకారం తన సరఫరాదారు హాని చేస్తుంటే కొనుగోలుదారు తన పలుకుబడి వాడాలి. కంపెనీ ఫిర్యాదు పద్ధతి యూనియన్లను బలహీనపరచకూడదని, కోర్టు దారిని మూసేయకూడదని 29వ సూత్రం వివరణలో ఉంది.

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. ఇలా ఉండాలి:

"మీ సరఫరాదారుల కోడ్ ఫలానా అంశం కనీస వేతనం, ఓవర్‌టైమ్ హామీ ఇస్తోంది. మీకు సరుకు పంపే ఫలానా యూనిట్‌లో ఫలానా నెల నుంచి 12 గంటల షిఫ్టుకు రోజుకు ఇంత ఇస్తున్నారు. ఇంతమందికి కలిపి బకాయి ఇంత. కార్మిక శాఖలో ఫలానా తేదీన అర్జీ ఇచ్చాం, నంబరు ఇది. మేము కోరేది: ఆర్డర్లు ఆపవద్దు. బకాయి చెల్లించేలా చూడండి. ఫిర్యాదు చేసిన వాళ్లను పనిలోంచి తీయకుండా చూడండి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి."

"ఆర్డర్లు ఆపవద్దు" అన్న వాక్యం లేకుండా పంపకండి. గొడవ వినగానే కొనుగోలుదారు ఆ యూనిట్‌ను వదిలేసి ఇంకో రాష్ట్రానికి వెళ్లిపోవడం వాళ్లకు తేలిక. షెడ్డు మూతపడితే పోయేది ముచ్చికలు తీసే ఆడవాళ్ల కూలి. కార్మికుల పేర్లు వాళ్ల సమ్మతి లేకుండా రాయకండి. కొనుగోలుదారు ఆఫీసుకు పంపిన ఉత్తరం మిల్లు మేనేజరు బల్ల మీదికి చేరుతుందనే లెక్కతో రాయండి.

కొనుగోలుదారు మన దేశంలో స్టాక్ మార్కెట్లో లిస్టయిన కంపెనీ అయితే ఇంకో పట్టు ఉంది. మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి ఏటా వ్యాపార బాధ్యత, సుస్థిరతపై బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక ఇవ్వాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. అందులో ఫిర్యాదుల సంఖ్య రాసే పట్టిక ఉంటుంది, సరఫరాదారులకూ సమాజానికీ వేర్వేరు వరసలు ఉంటాయి. మీ ఉత్తరం వెళ్లిన ఏడాది ఆ వరసలో సున్నా కనిపిస్తే కంపెనీ సెక్రటరీకి రాసి వివరణ అడగండి.

కొనుగోలుదారు పంపిన తనిఖీ బృందం వస్తే వాళ్లను రెండు అడగండి: కార్మికులతో మాటలు మిల్లు బయట జరగాలి, సూపర్‌వైజరు లేకుండా తెలుగులోనో ఒడియాలోనో జరగాలి. తేదీ ముందే చెప్పి వచ్చే తనిఖీలో పిల్లలు ఆ రోజు ఇంటి దగ్గరుంటారు, హాజరు పట్టీ రెండోది బయటికొస్తుంది.

విదేశీ చట్టం ఎప్పుడు పనికొస్తుంది

కొనుగోలుదారు ఏ దేశం వాడన్న దాన్ని బట్టి ఉంటుంది. జర్మనీలో సరఫరా గొలుసు చట్టం 2023 జనవరి 1న మొదలైంది. 2024 నుంచి ఆ దేశంలో 1000 మంది, అంతకు మించి ఉద్యోగులున్న కంపెనీలకు వర్తిస్తోంది. నేరుగా కొనకుండా మధ్యలో ఎగుమతిదారు ఉన్నా సరే, హాని జరుగుతోందని కచ్చితమైన సమాచారం చేరితే ఆ కంపెనీ కదలాల్సిందే. మీ ఉత్తరమే ఆ సమాచారం అవుతుంది, అందుకే తేదీలు, అంకెలు, రసీదులు. ఆ తర్వాతా కదలకపోతే బాఫా అనే ప్రభుత్వ సంస్థకు బాధితులే ఫిర్యాదు చేయవచ్చు. 2025 నుంచి ఈ చట్టాన్ని సడలించే ప్రయత్నాలు సాగుతున్నాయి, పంపే ముందు తాజా స్థితి చూసుకోండి.

ఫ్రాన్స్‌లో ఇలాంటిదే 2017 చట్టం చాలా పెద్ద కంపెనీలకే. నోటీసిచ్చి 3 నెలలు ఆగి కోర్టుకు వెళ్లాలి, అక్కడి సంస్థ తోడు లేకుండా కుదరదు. బ్రిటన్ 2015 ఆధునిక బానిసత్వ చట్టం సరఫరా గొలుసు విషయంలో ఒక ప్రకటన అడుగుతుంది, అంతే. అమెరికాలో 1930 టారిఫ్ చట్టం 307వ సెక్షన్ కింద బలవంతపు పనితో చేసిన సరుకును పోర్టులోనే ఆపేస్తారు. దెబ్బ పెద్దది, కార్మికుల ఉపాధికీ తగులుతుంది. కార్మికులందరితో కూర్చుని మాట్లాడకుండా దాని జోలికి వెళ్లకండి. బహుళజాతి కంపెనీల కోసం ఓఈసీడీ అనే దేశాల కూటమి రాసిన మార్గదర్శకాలను ఒప్పుకున్న దేశం కంపెనీ అయితే ఆ దేశపు జాతీయ సంప్రదింపు కేంద్రానికి ఖర్చు లేకుండా ఫిర్యాదు ఇవ్వవచ్చు. అది కోర్టు కాదు, మధ్యవర్తిత్వం. భారత్‌లో అలాంటి కేంద్రం లేదు.

కంపెనీల మానవ హక్కుల బాధ్యతపై ప్రపంచమంతటికీ ఒకే కట్టుబాటు ఒప్పందం కావాలని 2014 జూన్‌లో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల మండలిలో ఈక్వడార్, దక్షిణాఫ్రికా తీర్మానం పెట్టాయి. భారత్ అనుకూలంగా ఓటేసింది. ముసాయిదాలు మారుతూనే ఉన్నాయి, ఒప్పందం ఇంకా కాలేదు. దాని అవసరం మనకు బాగా తెలుసు. 2020 మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకై 12 మంది చనిపోతే, మరునాడే 50 కోట్లు కట్టమన్నది జాతీయ హరిత ట్రిబ్యునల్. ఏ కంపెనీ కోడ్‌కూ ఆ శక్తి లేదు.

చివరి పని: మాటను ఒప్పందంగా మార్చడం

కొనుగోలుదారు కదిలి, మిల్లు చర్చకు వచ్చిందనుకుందాం. జాగ్రత్తగా ఉండాల్సింది ఇప్పుడే. మంచి మాటలతో ముగిస్తే ఆరు నెలల్లో పాత కథే. ఢాకాలో 2013 ఏప్రిల్ 24న రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయాక, బ్రాండ్లు యూనియన్లతో చేసుకున్న బంగ్లాదేశ్ అకార్డ్ అనే భద్రతా ఒప్పందం ఎందుకు పనిచేసిందంటే, మాట తప్పిన బ్రాండును మధ్యవర్తి తీర్పుకు లాగవచ్చని అందులో రాసుకున్నారు కాబట్టి. మన పక్కనే తమిళనాడులో 2022లో కుదిరిన దిండిగల్ ఒప్పందమూ అలాంటిదే. నూలు, బట్టల ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ల మీద వేధింపులు ఆపడానికి యూనియన్, తయారీదారు, బ్రాండ్లు సంతకాలు చేసిన ఒప్పందం అది.

మన స్థాయిలో దానికి దారి, కార్మిక శాఖ రాజీ అధికారి ముందు సంతకాలు చేసే సెటిల్‌మెంట్. అలా కుదిరింది ఆ యూనిట్ కార్మికులందరికీ వర్తిస్తుంది. అందులో ఎంత డబ్బు, ఏ తేదీకి, ఏ బ్యాంకు ఖాతాకు, ఎవరు సరిచూస్తారు, తప్పితే ఏం జరుగుతుంది, ఫిర్యాదు చేసిన వాళ్లను తీయకూడదన్న షరతు, అన్నీ తెలుగులో ఉండాలి. "ఇక ఏ కోర్టుకూ వెళ్లం" అన్న వాక్యం కనిపిస్తే, "ఫుల్ అండ్ ఫైనల్" అన్న ఖాళీ కాగితం ముందుకొస్తే, లాయరు చూసేదాకా సంతకం ఆపండి. డబ్బు ఖాతాలో పడ్డాకే లేబర్ ఆఫీసు అర్జీని వెనక్కి తీసుకోండి, అదీ పడినంత మేరకే.

కొనుగోలుదారు నుంచి "మీ ఫిర్యాదును సరఫరాదారుకు పంపాం" అని మాత్రమే జవాబు వస్తే అదే రోజు తిరిగి రాయండి: ఎవరికి పంపారు, ఏం చేయమన్నారు, ఏ తేదీలోపు. ఈలోగా ఎవరినైనా పనిలోకి రావద్దన్నారంటే గేటు దగ్గరి సమయంతో సహా అదే వారం కార్మిక శాఖకు రెండో అర్జీ ఇచ్చి, దాని కాపీ కొనుగోలుదారుకు జత చేయండి.